ఇల్లు బాగుపడేలోగా ఇంట్లోవాళ్ళు జాగ్రత్త

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కొత్త ఇల్లు కట్టేవారికైనా సాయంత్రం వెళ్ళి తల దాచుకోవడానికి వేరే చోటు ఉంటుంది. ఉన్న ఇంటినే బాగు చేయించుకునేవారికి ఆ వీలు లేదు. ఒక గదిలో గోడ పగలగొడుతుంటే పక్క గదిలో అన్నం ఉడకాలి. పిల్లలు ఒక మూల కూర్చుని చదువుకోవాలి. మంచంలో ఉన్న పెద్దవారు ఆ మోతలోనే కునుకు తీయాలి.

మన పుత్తూరులో ఏ వీధికి వెళ్ళినా ఒక ఇంటి ముందు ఇసుక కుప్ప కనిపిస్తుంది. పాత మిద్దె కారుతోందని ఒకరు, పెంకులు తీసి స్లాబు వేయాలని ఒకరు, కూతురు కాన్పుకు వస్తోందని ఒకరు, అవ్వకు మోకాళ్ళు వంగడం లేదని ఒకరు పని మొదలు పెడతారు. మన సంఘ కుటుంబాల్లో క్రిస్మస్‌కు ముందు సున్నం కొట్టించడం ఆనవాయితీ. సున్నంతో మొదలైన పని గోడకు, గోడ నుండి కప్పుకు పాకుతుంది. అయితే మన ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనాల వానలు వచ్చేది అక్టోబరు నుండి డిసెంబరు దాకానే. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల వీధులు ఏరులైన సంగతి అందరికీ గుర్తే. కప్పు విప్పే పని ఉంటే సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. క్రిస్మస్‌కు రంగులతో సరిపెట్టుకోండి.

మా ఇంటి నాలుగున్నర నెలలు

మా పాత మిద్దె బాగు చేయించినప్పుడు మేస్త్రి ఆరు వారాలు అన్నాడు. పట్టింది నాలుగున్నర నెలలు. కప్పు విప్పితే దూలం లోపల చెద పట్టి ఉంది. ఆ దూలంతో పాటు మేము వేసుకున్న లెక్క కూడా కూలిపోయింది. నడుమ ఇరవై రోజులు మేస్త్రి వేరే ఊరి పనికి వెళ్ళిపోయాడు. వంట వసారాలోకి, అత్తమ్మ మంచం ముందు గదిలోకి మారాయి. టైల్స్ రంగు గురించి ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు. అయినా కొత్త కిటికీ గుండా వంటగదిలోకి మొదటిసారి ఎండ పడిన రోజు అందరం పని మాని అక్కడే నిలబడ్డాం. ఈ పనిలో ఎత్తుపల్లాలు ఇలాగే ఉంటాయి. పొద్దున ఏడుపు, సాయంత్రం నవ్వు.

నర్సులుగా మేము ఇంకొక వైపు కూడా చూస్తుంటాం. ఇంటి పని జరుగుతున్న రోజుల్లో ఆసుపత్రికి వచ్చేవారిని అడిగితే చాలాసార్లు కారణం ఆ పనిలోనే దొరుకుతుంది. ఇటుకకు, కమ్మీకి, సిమెంటుకు లెక్క రాసుకుంటాం. ఇంట్లో ఉండే మనుషులకు కూడా ఒక లెక్క రాసుకోవాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా మందుల డబ్బా

సామాను ఒక గది నుండి ఇంకో గదికి మార్చినప్పుడు మొదట కనబడకుండా పోయేది మందుల డబ్బా. "మాత్రలు ఏ మూటలో ఉన్నాయో తెలియడం లేదమ్మా, దొరికాక వేసుకుందామనుకున్నాను" అని ఒక తాత బి.పి. బాగా పెరిగి, తల తిరిగి మా దగ్గరకు వచ్చారు. పది రోజులుగా ఆయన మాత్ర వేసుకోలేదు. బి.పి., షుగరు, ఫిట్స్, క్షయ మందులు ఒక్క రోజు కూడా మానకూడదు. పని మొదలయ్యే ముందు రోజే మందులు, చీటీలు, కళ్ళద్దాలు, ఆసుపత్రి పుస్తకం ఒక సంచిలో వేసి, కదలని మేకుకు తగిలించండి. పిల్లల చేతికి అందకూడదు.

ఫ్రిజ్ ఆపివేస్తే ఇన్సులిన్ సంగతి ఆలోచించండి. ఒక పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్ సీసాను తడి తగలకుండా కవరులో చుట్టి లోపల ఉంచండి. నీడలో పెట్టి, ఇసుక ఆరకుండా చూడండి. వాడుతున్న సీసాకు ఇది సరిపోతుంది. తెరవని సీసాలను పొరుగువారి ఫ్రిజ్‌లో దాచమని అడగండి. గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు.

కంటికి కనబడని దుమ్ము

కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగుతుంది. కనబడని సన్న దుమ్ము ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. ఇసుక, రాయి, సిమెంటు, టైల్స్ కోసినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దీన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఏళ్ళ తరబడి పీల్చే పనివారికి సిలికోసిస్ వస్తుంది. అది ఉన్నవారికి క్షయ త్వరగా అంటుకుంటుంది. ఇంట్లోవారు పీల్చేది కొద్ది రోజులే అయినా ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు ఆ కొద్ది రోజులే చాలు.

టైల్స్ కోసే పని ఇంటి బయట, నీళ్ళు పోస్తూ చేయించండి. పగలగొట్టే గోడను ముందు తడపండి. తలుపుకు తడి దుప్పటి వేలాడదీయండి. పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఉబ్బసం ఉన్నవారిని, కాన్పు దగ్గరపడిన ఆడబిడ్డను గోడలు పగలగొట్టే రోజుల్లో బంధువుల ఇంటికి పంపగలిగితే అంతకు మించిన మందు లేదు.

పాత రంగును గరుకు కాగితంతో గీకేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలయింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ పొడి నోట్లోకి పోతే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తడిపి గీకించండి. రాలిన పొడిని మూట కట్టి పారవేయండి. పిల్లల చేతులు అన్నానికి ముందు సబ్బుతో కడగండి.

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. దాని దుమ్ము కూడా ఏళ్ళ తర్వాత క్యాన్సర్ తెచ్చేదే. రేకును సుత్తితో పగలగొట్టించవద్దు. తడిపి, ముక్క కాకుండా దించాలి.

సిమెంటు, మేకు, కరెంటు

తడి సిమెంటు చల్లగా ఉన్నా చర్మాన్ని కాలుస్తుంది. మంట కొన్ని గంటల తర్వాత గాని తెలియదు. చర్మానికి తగిలితే వెంటనే కడగాలి. సున్నం గాని, సిమెంటు గాని కంట్లో పడితే నలపవద్దు. కనురెప్పలు విప్పి పట్టుకుని కనీసం 20 నిమిషాలు శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి రండి. కొందరు కంట్లో నూనె, పాలు పోసి తీసుకువస్తారు. అలా చేయవద్దు. ఆ మొదటి నిమిషాల నీళ్ళే చూపును కాపాడతాయి.

మేకు గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి, టెటనస్ సూది వేయించుకుని ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి. పసుపు అద్ది వదిలేయవద్దు.

వేలాడే వైర్లు, తడి నేల, పనివారి డ్రిల్లింగ్ మిషను ఈ మూడూ ఒకచోట ఉంటే ప్రమాదమే. వైరింగ్ మార్చేటప్పుడు 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. షాక్ కొట్టిన క్షణంలో అది కరెంటును ఆపివేస్తుంది. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపండి. ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి.

క్యూరింగ్ నీళ్ళు, దోమల లెక్క

కొత్త స్లాబుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటయితే 10 రోజులు నీళ్ళు పట్టాలని భారత ప్రమాణం చెబుతుంది. డెంగ్యూ దోమ గుడ్డు నుండి దోమగా మారడానికి కూడా సుమారు వారం, పది రోజులే పడుతుంది. అంటే స్లాబు మీద కట్టలు కట్టి నిలిపిన నీళ్ళలో స్లాబు గట్టిపడేలోగా దోమలూ తయారవుతాయి. నాలుగు రోజులకు ఒకసారి ఆ నీళ్ళు వదిలేసి కొత్తవి పట్టండి. లేదా గోనె సంచులు పరచి తడుపుతూ ఉండండి. డ్రమ్ములను వారానికి ఒకసారి ఖాళీ చేసి లోపలి అంచులు తోమండి. ఆ దోమ గుడ్లు పొడిగా కూడా నెలల తరబడి బతికి ఉంటాయి.

సంపు మూత రాత్రిపూట తప్పక వేయండి. నడక నేర్చిన బిడ్డకు ఒక బకెట్టు నీళ్ళు కూడా లోతే.

కింద పడితే

పుత్తూరు పేరు చెబితే దూర రాష్ట్రాల వారికి కూడా గుర్తుకు వచ్చేది కట్టు. పక్కనే ఉన్న రాచపాళెంలో ఒక కుటుంబం 19వ శతాబ్దం నుండి తరతరాలుగా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కడుతున్న కట్టు అది. ఆ నమ్మకాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కట్టు కట్టించుకోవడానికి ముందు ఎక్స్‌రే తీయించుకోండి అన్నదే మా మాట. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే, వెన్ను గాని మెడ గాని నొస్తుంటే, కాలు చేయి తిమ్మిరెక్కి చల్లబడితే, తలకు దెబ్బ తగిలితే ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి. వెన్ను నొప్పి ఉన్నవారిని లేపి కూర్చోబెట్టవద్దు. సెంట్రింగ్ చెక్క ఇంట్లోనే ఉంటుంది కదా, దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలకుండా తేవాలి.

పెద్దవారు పడిపోయి లేవలేకపోతే, ఒక కాలు పొట్టిగా మారి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. లాగవద్దు, తైలంతో తోమవద్దు. దానికి చాలావరకు ఆపరేషన్ కావాలి. ఆలస్యమైన కొద్దీ మంచంలోనే పుండ్లు, నిమ్ము చేరతాయి. అలా మంచం పట్టిన కొందరు మళ్ళీ లేవలేదు. వారు పడినది ఎక్కడో మేడ మీద నుండి కాదు. తన మంచం చోటు మారిందని అర్ధరాత్రి మరిచిపోయి, ఇటుక ముక్క మీద కాలు వేశారు, అంతే.

అందుకని పెద్దవారి మంచం నుండి మరుగుదొడ్డి దాకా దారి మాత్రం రోజూ సాయంత్రం శుభ్రం చేయించండి. రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. మరుగుదొడ్డి పనిని ముందుగా ముగించండి. ఎలాగూ పగలగొడుతున్నాం కాబట్టి జారని గరుకు టైల్స్, గోడకు స్టీలు పట్టీ, ఎత్తైన కమోడ్, బయటికి తెరుచుకునే తలుపు పెట్టించండి. లోపల పడిపోయినవారు అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును తోయలేం. మా అత్తమ్మ ఇప్పుడు ఆ పట్టీ పట్టుకునే లేస్తారు. ఇంటి మొత్తం పనిలో చాలా తక్కువ ఖర్చయింది దానికే.

డబ్బు, మాట, నిద్ర

పాత ఇంట్లో గోడ వెనుక ఏముందో పగలగొట్టేదాకా తెలియదు. ఉన్న డబ్బంతటికీ లెక్క వేసేయకుండా కొంత పక్కన ఉంచండి. వడ్డీకి తెచ్చి గ్రానైటు వేసేకంటే గచ్చు నేల మీద నిద్ర పట్టడం మేలు. మేస్త్రితో మాట్లాడింది కాగితం మీద రాసుకుని, పని జరిగిన కొద్దీ డబ్బు ఇవ్వండి. ఇంట్లో తగవులు రావడం సహజం. దుమ్ము, నిద్రలేమి, బయటి తిండి కలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. పని లేని గది ఒకటి అందరికీ మిగిల్చుకోండి. వారానికి ఒక రోజు సుత్తి మోత ఆపండి.

మన ఇంటికి వచ్చే పనివారు కూడా ఎవరో ఒక ఇంటి బిడ్డలే. ఎండాకాలంలో మధ్యాహ్నం పనికి విరామం ఇచ్చి, మజ్జిగ గాని అంబలి గాని పోయండి. దుమ్ము పనికి మాస్కు, ఎత్తు పనికి గట్టి పరంజా అడగకుండానే ఇవ్వండి.

పని మొదలయ్యే ముందు రోజు చూసుకోవలసినవి

1. మందుల సంచి మేకుకు తగిలించామా?
2. ఉబ్బసం ఉన్నవారు, పసివారు ఎక్కడ పడుకుంటారు?
3. పెద్దవారి మంచం నుండి మరుగుదొడ్డికి దారి, లైటు ఉన్నాయా?
4. సంపుకు మూత ఉందా?
5. కంట్లో సిమెంటు పడితే కడగడానికి శుభ్రమైన నీళ్ళు దగ్గర ఉన్నాయా?
6. టెటనస్ సూది ఎప్పుడు వేయించుకున్నాం?

ఈ పేజీ కత్తిరించి మేస్త్రి లెక్కల కాగితం పక్కనే అంటించుకోండి. గృహప్రవేశం రోజు ఇంట్లో అందరూ తమ కాళ్ళ మీద నడిచి లోపలికి రావాలని మా కోరిక.