వికలాంగ శిశువులు - పల్లె ఇల్లు, పట్నం ఇల్లు

వైకల్యమున్న బిడ్డ పుట్టిన ఇంటికి ఏం కావాలి అని అడిగితే మనలో చాలామంది వెంటనే "పింఛను" అంటారు. పింఛను అవసరమే. తెలంగాణలో వికలాంగుల ఆసరా పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలయింది. కాని పసితనంలో డబ్బు కంటే త్వరగా చేజారిపోయేది ఒకటుంది. అది కాలం.

శిశువు మెదడు అయిదారేళ్లకే పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 90 శాతానికి చేరుతుంది. నాడీకణాల మధ్య సంబంధాలు అతివేగంగా ఏర్పడేది కూడా ఆ ఏళ్లలోనే. పుట్టుకలో ప్రాణవాయువు అందక మెదడులో కొంత భాగం దెబ్బతిన్నా, క్రమం తప్పని వ్యాయామంతో, ఆటతో, మాటతో మిగిలిన భాగాలు కొంత పని నేర్చుకోగలవు. దెబ్బ పూర్తిగా మానదు గాని బిడ్డ కూచోవడం, తినడం, తన అవసరం చెప్పుకోవడం మెరుగవుతాయి. అందుకే నాలుగైదు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూచోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా డాక్టరుకు చూపించాలి.

మాది జనగామ దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. చదువు కోసం పద్మారావు నగర్‌లో గది తీసుకుని ఉంటున్నాను. అందువల్ల ఇటువంటి ఇళ్లు రెండింటిని దగ్గరగా చూశాను.

మొదటిది మా ఊళ్లోనే ఉన్న అక్క ఇల్లు. బాబుకు ఏడాది దాటినా మెడ సరిగా నిలవలేదు. "మేనమామ పోలిక, వాడు గూడ ఆలస్యంగనే నడిచిండు" అన్నారు పెద్దలు. ఆ మేనమామను నేనే! జబ్బు పేరు సెరిబ్రల్ పాల్సీ అని తెలిసేసరికి రెండేళ్లు నిండాయి. ఆ ఇంట్లో ఎత్తుకునే చేతులకు కొదవ లేదు. అవ్వ, తాత, పక్కింటి పిల్లలు, అందరూ ఎత్తుకుంటారు. లేనిదల్లా ఎట్లా ఎత్తుకోవాలో, ఎట్లా కూచోబెట్టాలో నేర్పే మనిషి. ఫిజియోథెరపీకి పట్నం రావాలంటే ఒక రోజు పొలం పని ఆగుతుంది. నాట్ల సమయంలో అసలే కుదరదు. వారానికి మూడుసార్లు రమ్మంటే నెలకు ఒకసారి వస్తారు.

రెండవది నా గది పక్క పోర్షన్. నాలుగేళ్ల పాపకు ఆటిజం. బోయినపల్లిలో, 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా ఏర్పడి తర్వాత ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.గా పేరు మారిన సంస్థ ఉంది. 2021 జూన్‌లో అక్కడ పసిపిల్లల కోసం ముందస్తు చికిత్సా కేంద్రం కూడా తెరిచారు. సిటీ బస్సులో పోయి రావచ్చు. కాని ఇంట్లో ఉన్నది ముగ్గురే. తల్లి ఉద్యోగం మానేసింది. ఆమెకు జ్వరమొస్తే పాపను చూసే దిక్కు లేదు. జనం చూపులకు వెరచి, మిగతా పిల్లలు వెళ్లిపోయాకే పాపను పార్కుకు తీసుకుపోతుంది.

పల్లెలో చేతులున్నాయి, నేర్పేవారు లేరు. పట్నంలో నేర్పేవారున్నారు, చేతులు లేవు. కనుక రెండు ఇళ్లకూ ఒకే సాయం సరిపోదు.

పల్లెకు సేవ ఇంటి దాకా రావాలి. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, పోర్టేజ్ అనే ఊరు కేంద్రంగా ఇదే చేశారు. ఇళ్లు దూరదూరంగా ఉన్నందున బోధకురాలే వారానికోసారి ఇంటికి వెళ్లి, తల్లికి ఒకటి రెండు పనులు నేర్పి, మరుసటి వారం ఫలితం చూసేది. పోర్టేజ్ పద్ధతి మన దేశానికీ వచ్చింది. మన పల్లెల్లో ఆ పని అంగన్‌వాడీ టీచర్ చేయగలదు. వికలాంగ శిశువుల విషయమై 2023 నవంబరులో కేంద్రం అంగన్‌వాడీలకు మార్గదర్శకాలు ఇచ్చింది కూడా. వాటితోపాటు తగిన శిక్షణ, సమయం, వేతనం ఇవ్వాలి. పట్నపు తల్లికి కావలసింది వేరు: బిడ్డను నమ్మి కొన్ని గంటలు వదిలే చోటు, తనవంటి తల్లులతో మాట్లాడుకునే అవకాశం.

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో అవి ఏడే. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. కాని మెదడు వేగంగా ఎదిగే కాలం ఆరేళ్లకు చాలావరకు గడిచిపోతుంది! అందుకే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ముఖ్యమైనది. దాని ప్రకారం వైద్య బృందం అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా ముందస్తు చికిత్సా కేంద్రానికి పంపాలి.

మన కాలేజీలో పల్లెల నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ బృందం మన ఊరికి ఎప్పుడు వస్తుందో అంగన్‌వాడీలో అడుగుదాం. మెడ నిలవని బిడ్డ ఎవరింట్లో ఉన్నా "పోలిక" అని ఊరుకోకుండా ఆ రోజు వెంట ఉండి చూపిద్దాం. ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో రోడ్లు ఊడ్చే మనం ఈ పని కూడా చేయలేమా?