పులియబెట్టిన టీ – క్రొవ్వు పట్టిన కాలేయము

సోంపేటనుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసిరి. హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచున్న కుమారునకు కాలేయమునకు క్రొవ్వు పట్టినదని పరీక్షలో తేలినదట. ‘పులియబెట్టిన టీ’ త్రాగినచో ఆ క్రొవ్వు కరగునని మిత్రులు చెప్పగా, అతడు సీసాలు తెప్పించుకొని త్రాగుచున్నాడట. ఇంటివద్ద తండ్రికి మూత్రపిండముల జబ్బు. ఆయనకును దీనిని ఈయవచ్చునా అని ఆమె ప్రశ్న. ఉద్దానమున ఈ రెండవ ప్రశ్నయే పెద్దది. కాని మొదట టీ సంగతి తేల్చుకొందము.

మనము నిత్యము కాచుకొను టీపొడిని గూర్చి కూడ ‘పులియబెట్టినది’ అని వర్తకులందురు. అది పేరునకే. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడును గదా. నలిపిన తేయాకు నల్లబడుటయు అట్టిదే. అందు సూక్ష్మజీవుల ప్రమేయము లేదు. నిజముగా పులియుట యన మన తరవాణి కుండలోను, ఇడ్లీ పిండిలోను జరుగునది. అట్లు పులిసిన టీలలో రెండు ప్రసిద్ధములు. ఒకటి చైనాలోని యునాన్ రాష్ట్రపు పూఅర్ టీ. ఆకును తడిపి రాశులు పోసి వారములకొలది మాగవేయుదురు. శీఘ్రముగా మాగవేయు ఈ పద్ధతి 1973లో కున్మింగ్ నగరమున ఏర్పడినది. రెండవది కొంబూచా. పంచదార కలిపిన టీ డికాక్షనులో బాక్టీరియా, ఈస్టులు కలిసి పెరిగిన మీగడ తరకవంటి పొరను వేసి వారము పది దినములు ఊరనిత్తురు. అది వెనిగరువలె పుల్లనగును. హైదరాబాదు కుమారుని సీసాలలోనిది ఇదియే.

కాలేయమున క్రొవ్వు నూటికి 5 పాళ్ళు మించినచో వైద్యులు దానిని ఫ్యాటీ లివరు అందురు. ఇది త్రాగుబోతుల జబ్బని పలువురి తలంపు. చుక్క ముట్టనివారికిని ఇది వచ్చును. హైదరాబాదులోని ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన ఒక పరిశీలనలో నూటికి 84 మందికి ఈ లక్షణము కనబడినది. కూర్చుండి చేయు పని, వేళ తప్పిన భోజనము, చాలని నిద్ర, పెరిగిన నడుము దీనికి తోడ్పడును. నొప్పి యుండదు. ఉపేక్షించినచో కొందరిలో వాపు, పిదప మచ్చకట్టుట, తుదకు కాలేయము గట్టిపడుటవరకు పోవును.

టీ దీనిని మాన్పునా? పూఅర్ టీకి ముదురు రంగునిచ్చు థియాబ్రౌనిన్ అను పదార్థమును ఎలుకలకిచ్చి చూచిన పరిశోధన 2019లో వెలువడినది. పైత్యరస లవణములను విడగొట్టు ప్రేగులలోని కొన్ని బాక్టీరియాలను అది అణచినదనియు, అందువలన కాలేయము కొలెస్టరాలును పైత్యరసముగా మార్చి వెచ్చించినదనియు తేలినది. ముచ్చటయైన సంగతియే. కాని ఎలుకలు పదిగంటలు కుర్చీలో కూర్చుండి, అర్ధరాత్రి బిరియానీ తినునవి కావు. మనుష్యులలో ఈ జబ్బునకు పులిసిన టీ మందని చెప్పదగిన నిదర్శనము నేటికిని చాలదు. నిదర్శనము గలది బరువు తగ్గుట: నూటికి 5 పాళ్ళు తగ్గిన క్రొవ్వు తగ్గును, 7 మొదలు 10 పాళ్ళు తగ్గిన వాపును తగ్గును. విచిత్రమేమన, మనుష్యులను పరిశీలించిన లెక్కలలో టీకంటె కాఫీకే మంచి పేరు కలదు. కాఫీ ప్రియులు సంతోషింతురుగాక, పంచదార మాత్రము మానవలెను. మన పాలటీలో కప్పునకు రెండు చెంచాల పంచదార, అనగా సుమారు 10 గ్రాములు. దినమునకు ఐదు కప్పులైన 50 గ్రాములు!

ఇక తండ్రిగారి మాట. పుల్లని పానీయములోని ఆమ్లమును, శరీరము తాను పుట్టించు ఆమ్లమును బయటికి పంపు పనిలో మూత్రపిండములది పెద్దపాలు. అవి చెడినవారికి రక్తమున ఆమ్లము పేరుకొనును. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున కొంబూచా త్రాగుచున్న ఇద్దరు స్త్రీల రక్తము తీవ్రముగా ఆమ్లమయమై, వారిలో ఒకరు మరణించిరి. కొంబూచాయే కారణమని రుజువు కాలేదు. అధికారులు మాత్రము ప్రజలను హెచ్చరించిరి. పైగా అందు సూక్ష్మజీవులు సజీవముగా నుండును. రోగనిరోధక శక్తి తగ్గినవారికి, మూత్రపిండము మార్పిడియైనవారికి అది అపాయము. కావున తండ్రిగారికి ఇది వలదు. ఆయన ఎంత నీరు త్రాగవలెనో కూడ వైద్యుడే చెప్పవలసియుండగా, సీసా టీ ఏల?

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మధుమేహము, రక్తపుపోటు లేనివారికిని మూత్రపిండములు చెడుచున్నవి. కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. జబ్బు ముదురువరకు బాధ తెలియదు. ఆరోగ్యవంతులమనుకొనువారును క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనినగాని తమ స్థితి ఎరుగరు. ఈ రోగులకై పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైనది.

కుమారునకు మేము చెప్పునది ఇంతే. పూఅర్ టీ పంచదార లేక ఇష్టమై త్రాగిన త్రాగుగాక. మందని నమ్మి నడక మానరాదు. గ్రీన్ టీ సారమును గాఢముగా నింపిన మాత్రలను ముట్టరాదు. వానివలన కాలేయమే దెబ్బతినిన రోగులు కలరు. కొంబూచా సీసాలను మాత్రము ప్రక్కనుంచి, పండుగకు ఇంటికి వచ్చినపుడు క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనవలెను. అతడును ఉద్దానమున పుట్టి, ఆ నీరు త్రాగి పెరిగినవాడే గదా!