ముందు బంతి, తరువాత గడ్డి

గత వేసవిలో ఒక శనివారం మా పెద్దమ్మాయి డ్రైవింగ్ రేంజ్ నుంచి ఏడుపు మొహంతో ఇంటికి వచ్చింది. హైస్కూల్ గోల్ఫ్ జట్టు ఎంపికకు ఇంక ఐదు వారాలే ఉంది. "నాన్నా, వంద బంతులు కొట్టాను. ఒకటి గాలిలోకి లేస్తే నాలుగు నేల మీద దొర్లాయి. నాకీ ఆట రాదు" అంది.

"ఇంకో వంద కొట్టు, అదే వస్తుంది" అన్నాను. అభ్యాసం కూసువిద్య అని విని పెరిగినవాళ్ళం కదా! తప్పునే వందసార్లు చేస్తే ఆ తప్పే అలవాటవుతుందని అప్పట్లో నాకు తోచలేదు.

తరువాత రేంజ్ లోని కోచ్ అసలు సంగతి చెప్పారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు బంతిని పైకి లేపాలని క్లబ్ ను కింద నుంచి పైకి ఎత్తుతారు. దాంతో క్లబ్ ముందు నేలకు తగులుతుంది, లేదా బంతి నడినెత్తిన తగులుతుంది. నిజానికి ఐరన్ క్లబ్ ముఖం ముందే వెనక్కి వాలి ఉంటుంది. సెవెన్ ఐరన్ కు ఆ వాలు సుమారు 30 డిగ్రీలు. బంతిని లేపే పని ఆ వాలుదే. క్లబ్ ఇంకా కిందికి దిగుతూ ఉండగానే బంతికి తగలాలి, ఆ తరువాతే గడ్డిని కోయాలి. క్లబ్, బంతి కలిసి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. అంతలో చేతులతో సరిదిద్దుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అంతకుముందు కదలికే సరిగ్గా ఉండాలి.

ఆయన చెప్పిన అభ్యాసం మా పెరట్లోనే మొదలైంది. గీత గీయడానికి మా ఆవిడ ముగ్గుపిండి డబ్బా ఇచ్చింది! గడ్డి మీద తెల్లటి గీత. బంతి లేదు. గీతకు అటూ ఇటూ పాదాలు ఉంచి, సగం ఊపుతో, నెమ్మదిగా క్లబ్ ఆడించాలి. గడ్డి లేచిన చోటు గీతకు ముందుంటే సరే, వెనకుంటే తప్పు. మొదటి రోజు ఇరవైలో మూడే సరిగ్గా పడ్డాయి. ఎదురుగా కనబడే తప్పుకు నాన్న సలహా అక్కరలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

రేంజ్ కు వెళ్ళినప్పుడు వంద బంతులు మానేసి నలభైతో సరిపెట్టాం. మొదటి ఇరవై సగం ఊపుతో. తరువాత పది ఒకే గురికి, పూర్తి ఊపుతో. చివరి పది మాత్రం ప్రతిసారీ క్లబ్ నూ, గురినీ మార్చి, ఎందుకంటే కోర్స్ లో ఒకే దెబ్బ వరుసగా రెండోసారి రాదు. క్లబ్ ముఖానికి పాదాలకు వాడే పౌడర్ స్ప్రే కొడితే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ చెబుతుంది.

సాధనకు పేరుపడ్డ అమెరికన్ ఆటగాడు బెన్ హోగన్ 1930లో ప్రొఫెషనల్ అయ్యాడు. ఒంటరిగా తొలి టోర్నమెంట్ గెలిచింది 1940లో! 1949లో కారును బస్సు ఢీకొని ఎముకలు విరిగినా, 1950లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. ఆయన పేరిట కాలేజీ ఆటగాళ్ళకు ఇచ్చే అవార్డును 2020లో అందుకున్నది ఎవరో తెలుసా పిల్లలూ? హైదరాబాద్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన మన సాహిత్ తీగల. 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి, పి.జి.ఎ. టూర్ లో తొలి విజయం సాధించాడు.

మా అమ్మాయి సంగతి అడుగుతారేమో. ఒక్క స్థానంలో జట్టు తప్పిపోయింది. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. "ఇంక మానేస్తావా?" అని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే, పెరట్లో తనే ముగ్గు గీత గీసుకుంటోంది. ఈసారి చెల్లెలు కూడా వచ్చింది. ఊపు తగలనంత దూరంలో నిలబెట్టి, దానికి గీత చూడడం నేర్పుతోంది.

మీ ఇంట్లోనూ ముగ్గుపిండి ఉండే ఉంటుంది. ఈ వారాంతం ప్రయత్నించి చూడండి. పెరటి గడ్డి పాడయితే మాత్రం మమ్మల్ని తిట్టకండి!