బోర్డుపై జిల్లా పరిషత్.. మరి పెత్తనం ఎవరిది? చౌటుప్పల్ సర్కారు బడి ఎవరి చేతిలో ఉందో తెలుసా?

చౌటుప్పల్, యాదాద్రి భువనగిరి జిల్లా: హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద దాదాపు 50 కిలోమీటర్లు పోతే చౌటుప్పల్ వస్తుంది. ఈ చుట్టుపక్కల ఏ సర్కారు బడి ముందు ఆగినా బోర్డు మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనో, ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అనో కనిపిస్తుంది. పేరు చూస్తే లోకల్ వాళ్లు నడిపే బడి అనిపిస్తుంది. మరి అందులో లెక్కల సార్ పోస్టు ఖాళీ అయితే జిల్లా పరిషత్ నింపగలదా? లేదు. సిలబస్ మార్చగలదా? అదీ లేదు.

చదువు మీద హక్కు ఢిల్లీదా, హైదరాబాద్‌దా అని టీవీల్లో రోజూ డిబేట్లు నడుస్తుంటాయి. ఆ గొడవలో మూడో మనిషి సంగతి ఎవరికీ పట్టట్లేదు. ఆ మూడో మనిషే ఊరు. అసలు ఎవరి చేతిలో ఏముందో చూద్దాం.

మధ్యాహ్న భోజనం ప్లేటులోనే లెక్క తేలిపోతుంది

బడిలో పిల్లలు తినే అన్నం ప్లేటునే తీసుకోండి. బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది. సన్నబియ్యమే పెట్టాలన్నది రాష్ట్రం నిర్ణయం. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలి. 2025 మే 1 నుంచి ఆ రేటు ప్రైమరీలో ఒక్కో పిల్లాడికి రోజుకు రూ.6.78, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు రూ.10.17. తొమ్మిది, పది తరగతులు కేంద్రం స్కీంలో లేవు కాబట్టి ఆ ఖర్చు మొత్తం రాష్ట్రమే పెట్టుకుంటోంది.

మరి వండేదెవరు? ఊళ్లోని అక్కలే. బిల్లు లేటైతే కిరాణా కొట్టులో ఖాతా పెట్టేదీ వాళ్లే. రేటు ఎంతన్నది ఢిల్లీలో తేలుతుంది, బిల్లు హైదరాబాద్‌లో కదలాలి, అప్పు మాత్రం ఊళ్లో పుడుతుంది. మిగతా విషయాల్లోనూ దాదాపు ఇదే పద్ధతి.

1976లో ఏం మారింది?

రాజ్యాంగం రాసినప్పుడు చదువు రాష్ట్రాల జాబితాలో ఉండేది. ఎమర్జెన్సీ టైంలో, 1976లో తెచ్చిన 42వ సవరణతో అది ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. అప్పటి నుంచి కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయొచ్చు. రెండింటికీ తేడా వస్తే మామూలుగా కేంద్రం మాటే చెల్లుతుంది.

దాని ప్రభావం ఇప్పటికీ టీచర్ల మీద కనిపిస్తోంది. టెట్ రూల్ పెట్టింది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి టైం ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాల్సిందేనని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది. దీంతో ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెప్తున్న సార్లు, టీచరమ్మలు మళ్లీ పరీక్ష పుస్తకాలు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక నియామకాలు చూస్తే, డీఎస్సీ అంటే జిల్లా ఎంపిక కమిటీ. పేరులో జిల్లా ఉంది గానీ 2024లో 11,062 పోస్టుల నోటిఫికేషన్, ఆన్‌లైన్ పరీక్ష అన్నీ హైదరాబాద్ నుంచే నడిచాయి.

మరి ఊరి పెత్తనం ఎప్పుడు పోయింది?

ఇది పాలమూరు గడ్డ మీద మొదలైన కథ. 1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ప్రైమరీ బడులు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్‌ల కిందికి వచ్చాయి. బోర్డుల మీద ఇప్పటికీ కనిపించే పేర్లు అప్పటి గుర్తులే.

అయితే అప్పుడంతా బాగుందని కాదు. లీడర్‌కు నచ్చకపోతే సార్‌కు బదిలీ. జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు. అందుకే టీచర్ల సంఘాలే కొట్లాడి ట్రెజరీ ద్వారా, ‘010 పద్దు’ కింద జీతాలు సాధించుకున్నాయి. అది న్యాయమైన పోరాటమే. కానీ జీతంతో పాటు పెత్తనం కూడా మెల్లగా హైదరాబాద్ చేరింది.

1992లో 73వ సవరణ వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల లిస్టులో 17వది ప్రైమరీ, సెకండరీ బడులతో సహా చదువు. కానీ చిన్న మెలిక ఉంది. ఆ అధికారాలు రాష్ట్రం ‘ఇవ్వొచ్చు’ అని ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం.

చౌటుప్పల్‌కు ఇంకో మెలిక

చౌటుప్పల్ 2018లో మున్సిపాలిటీ అయింది. మున్సిపాలిటీల లిస్టు వేరే. అందులో 18 అంశాలున్నాయి గానీ బడులు అన్న మాట నేరుగా లేదు. విద్యా, సాంస్కృతిక విషయాలను ప్రోత్సహించడం అని మాత్రమే ఉంది. అంటే పంతంగి లాంటి గ్రామ పంచాయతీకి కాగితం మీద ఉన్నంత అధికారం కూడా పక్కనే ఉన్న పట్టణానికి లేదు.

పోనీ జిల్లా పరిషత్‌ను అడుగుదామంటే, జడ్పీటీసీ, ఎంపీటీసీల పదవీకాలం 2024 జూలైలోనే ముగిసింది. ఆ తర్వాత నడిచింది స్పెషల్ ఆఫీసర్ల పాలన. బోర్డు మీద పరిషత్ పేరు మిగిలింది గానీ కుర్చీలో గెలిచిన మనిషి లేకుండా పోయాడు.

పైసల దగ్గరే అసలు పట్టు

తెలంగాణ 2025-26 బడ్జెట్‌లో విద్యాశాఖకు రూ.23,108 కోట్లు పెట్టారు. మొత్తం బడ్జెట్‌లో ఇది సుమారు 7.6 శాతం. రెగ్యులర్ టీచర్ల జీతాల భారం రాష్ట్రానిదే. కేంద్రం వాటా ఎక్కువగా సమగ్ర శిక్ష లాంటి స్కీంల ద్వారా, షరతులతో వస్తుంది.

షరతుకు ఒప్పుకోకపోతే ఏమవుతుందో తమిళనాడు చూసింది. పీఎం శ్రీ స్కీం ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడంతో రూ.2 వేల కోట్లకు పైగా సమగ్ర శిక్ష నిధులు ఆగిపోయాయి. 2025లో ఆ రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలంగాణ మాత్రం ఆ స్కీంలో చేరింది.

చేరినా సమస్యలు తప్పలేదు. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులర్ చేయాలంటూ రాష్ట్రమంతా సమ్మె చేశారు. కస్తూర్బా బడుల్లో ఆడపిల్లల క్లాసులు దెబ్బతిన్నాయి. స్కీం కేంద్రానిది, నియామకం రాష్ట్రానిది. మధ్యలో నష్టపోయింది పదో తరగతి పరీక్షలు దగ్గర పెట్టుకున్న పిల్లలు.

అంతా ఊరికే ఇచ్చేస్తే సరిపోతుందా?

అమెరికాలో మనవాళ్లు ఇల్లు కొనే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ ఎందుకు చూస్తారు? అక్కడ బడులు ఎక్కువగా లోకల్ బోర్డుల చేతిలో ఉంటాయి. ఇంటి పన్ను నుంచే బడికి చాలా డబ్బు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ వాటా పదో వంతు దరిదాపుల్లోనే. అందుకే డబ్బున్న ఏరియాలో మంచి బడి, పేద ఏరియాలో కష్టాల బడి. చౌటుప్పల్‌కు హైవే, ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి పన్ను వస్తుంది. అవేవీ లేని తండాకు ఎక్కడి నుంచి వస్తుంది?

కేరళ మధ్యేమార్గం పట్టింది. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికతో బడుల బాధ్యతతో పాటు నిధులు కూడా స్థానిక సంస్థలకు ఇచ్చింది. జీతాలు మాత్రం రాష్ట్రమే చూసుకుంటుంది. డబ్బు పైనుంచి రావాలి, బడి అవసరం ఏంటో కింద తేలాలి. మన దగ్గర తగ్గింది ఈ రెండోదే.

ఇప్పుడు తల్లిదండ్రుల చేతిలో ఏముంది?

కొంచెమే ఉంది, కానీ వాడుకోవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. నిధుల ఖర్చు చూడటం, బడి అభివృద్ధి ప్లాన్ రాయడం వాళ్ల పని. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. తాగునీరు, టాయిలెట్లు, రిపేర్లు వీటి చేతికిచ్చారు.

ఎవరిని ఏం అడగాలంటే..

- నల్లా, టాయిలెట్, కరెంట్, రిపేర్లు: హెడ్‌మాస్టర్, అమ్మ ఆదర్శ కమిటీ
- బడి ముందు చెత్త, డ్రైనేజీ: చౌటుప్పల్‌లో మున్సిపల్ కమిషనర్, ఊళ్లలో పంచాయతీ
- టీచర్ ఖాళీ: ముందు మండల విద్యాధికారి, తర్వాత డీఈవో. కొత్త పోస్టు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వమే
- మధ్యాహ్న భోజనం క్వాలిటీ: హెడ్‌మాస్టర్, మండల విద్యాధికారి. రేటు పెంచాలంటే కేంద్రం, రాష్ట్రం
- సిలబస్, పుస్తకాలు, పదో తరగతి పరీక్షలు: రాష్ట్ర విద్యాశాఖ

ఈ లిస్టులో పైనున్న రెండు పనులే ఊరి చేతిలో ఉన్నాయి. ఊరు నల్లా బాగు చేయించుకోగలదు గానీ సార్‌ను తెచ్చుకోలేదు. ఈసారి ఎమ్మెల్యేనో ఎంపీనో మీ గల్లీకి వస్తే కేంద్రమా రాష్ట్రమా అని అడగకండి. మా బడికి ఏం కావాలో చెప్పే హక్కు మాకెప్పుడిస్తారు అని అడగండి.