సర్కారు ఒడంబడికలు - రైతులు చదువవలసిన శాసనములు

దుక్కి, విత్తనము, నీరు, ఎరువు, వీనిని గూర్చి మన రైతులకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. పంట బండి యెక్కిన పిదప మాత్రము వ్యవహారము పొలమును విడిచి కాగితముపైకి పోవును. ధర యెంత, సొమ్ము ఎన్ని దినములకు రావలెను, తూకములో తేడా వచ్చిన నెవ్వరు బాధ్యులు అను ప్రశ్నలకు సమాధానము ఒడంబడికలోను, దానికి పైనున్న శాసనములోను కలదు. కాగితమును చదువక వ్రేలిముద్ర వేయుట విత్తనమును చూడక చల్లుటవంటిది. కావున సర్కారుతోగాని, సర్కారు ఉత్తరువులకు లోబడిన కర్మాగారముతోగాని వ్యవహరించునపుడు సభ్యులు ఏ శాసనములను చూడవలెనో ఇచట వివరింపబడుచున్నది.

చెరకు సంగతి

1931లో మంజీరానదిపై నిజాంసాగరము పూర్తియైన పిమ్మట బోధను ప్రాంతమున చెరకు సేద్యము విస్తరించెను. 1937లో అచ్చట నిజాము చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. 2002లో దానియందలి అధికభాగము వాటాలు ప్రైవేటు యాజమాన్యమునకు పోయెను. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడెను. యజమానులు మారినను, గానుగ నిలిచినను, చెరకు తోలిన రైతుచేతిలో మిగులునది తూకపుచీటీయు, ఒడంబడికయు, రశీదులును మాత్రమే.

ఇందుకు మొదట చూడవలసినది కేంద్రప్రభుత్వము 1966లో వెలువరించిన చెరకు నియంత్రణ ఉత్తరువు. చెరకు అప్పగించిన నాటినుండి 14 దినములలో ధర చెల్లింపవలెనని అందు విధింపబడినది. గడువు మించినచో మించిన కాలమునకు ఏటికి నూటికి 15 రూపాయల వడ్డీ ఈయవలెను. లక్ష రూపాయల సొమ్ము గడువుపైని 73 దినములు నిలిచినచో 3,000 రూపాయలు వడ్డీ యగును. ఆ వడ్డీ సహకార సంఘముద్వారా వచ్చినయెడల, సంఘ నిబంధనలు అనుమతించు ఖర్చులు మినహా తక్కినది రైతునకే చేరవలెనని కూడ అందు కలదు. బకాయిని భూమిశిస్తు బకాయివలె కలెక్టరుద్వారా రాబట్టు మార్గమును ఆ ఉత్తరువే చూపినది.

అయితే ఇందొక మెలిక గలదు. ఉభయులమధ్య వేరువిధమైన వ్రాతపూర్వక ఒడంబడిక యున్నచో 14 దినముల నియమము వర్తింపదు. అనగా చట్టమిచ్చిన గడువును రైతు తన సంతకముతోనే వదలుకొనవచ్చును! కావున సంతకమునకు ముందు గడువు, ధర, తగ్గింపులు అను మూడు పంక్తులను ఎవరిచేతనైనను చదివించుకొని వినవలెను. కర్మాగార మండలములు, సరఫరా ఒడంబడికలు, చెరకు కమీషనరు అధికారములు తెలియగోరువారు ఆంధ్రప్రదేశములో 1961లో చేయబడిన చెరకు సరఫరా, కొనుగోలు క్రమబద్ధీకరణ చట్టమును చూడవలెను.

వరిధాన్యము

ధాన్యపు కొనుగోలు కేంద్రములలో మన సంఘములు పౌరసరఫరాల సంస్థ పక్షమున పనిచేయును. ఇచట రెండు కాగితములు ముఖ్యము. మొదటిది ఆ సంవత్సరపు నాణ్యతా ప్రమాణముల పట్టిక. తేమ నూటికి 17 వంతులకు మించరాదనుట మొదలగు మాటలు అందుండును. రెండవది సంఘమునకును, సంస్థకును గల ఒడంబడిక. రవాణాలో తరుగు వచ్చిన నెవ్వరు భరింపవలెనో దానినుండి తెలియును. మిల్లువద్ద తరుగు పేర కోత విధించినపుడు ఏ నిబంధన ప్రకారమో వ్రాసి యిమ్మని కోరుటకు ఈ రెండును ఆధారములు.

సర్కారుతో నేరుగా ఒడంబడిక

సంఘము ఏ సర్కారు శాఖతోనైనను నేరుగా ఒడంబడిక చేసికొనునపుడు రాజ్యాంగములోని 299వ అధికరణమును మరువరాదు. రాష్ట్ర ఒడంబడిక గవర్నరు పేర ఉండవలెను. అధికారము పొందిన ఉద్యోగియే సంతకము చేయవలెను. ఉద్యోగి నోటిమాట నీటిమూటయే.

1944లో వంగదేశమున హుగ్లీ జిల్లాలో ఒక వ్యాపారసంస్థ పౌరసరఫరాల శాఖకై గిడ్డంగి షెడ్లు కట్టెను. సర్కారు వానిని వాడుకొనెను. సొమ్ము అడిగినపుడు ఒడంబడిక సక్రమము కాదనెను. వివాదము సుప్రీముకోర్టువరకు పోయెను. ఒడంబడిక చెల్లకున్నను, ఉచితముగా చేయని పనిని స్వీకరించి లాభము పొందినవారు ప్రతిఫలము ఈయవలెనని, 1872నాటి ఒప్పందముల చట్టము 70వ సెక్షనును బట్టి కోర్టు 1961 డిసెంబరులో తీర్పు చెప్పెను. న్యాయము లభించినది గాని దాదాపు పదునెనిమిదేండ్లు పట్టినది. ముందే ఒక సరియైన సంతకము తీసికొనియున్న ఇంత శ్రమ లేకపోవును గదా!

ఇవి దొరకు చోటులు

శాసనములు, ఉత్తరువులు గెజిట్లలో ప్రకటింపబడును. కేంద్ర, రాష్ట్ర చట్టములను ‘ఇండియా కోడ్’ అను సర్కారువారి అంతర్జాల భాండారమున ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. పాత ప్రతిని నమ్మరాదు. తరువాతి సవరణలను తప్పక చూడవలెను. కార్యాలయములోని ఒడంబడిక నకలు కావలసినచో 2005నాటి సమాచారహక్కు చట్టముక్రింద అర్జీ పెట్టవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, స్వల్పాదాయము గలవారికి నిజామాబాదు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయము చేయును. అమ్మిన సరకు ధరకై దావా వేయుటకు సాధారణముగా 3 సంవత్సరములే గడువు, ఊరక వేచియుండరాదు.

ప్రతి సంఘ కార్యాలయమునందును ఈ చట్టముల ప్రతులుంచి, సీజను ఆరంభమునకు ముందు ఒడంబడికను సర్వసభ్య సమావేశమున బిగ్గరగా చదివింపవలెను. ప్రతి సభ్యుడును తన చీటీలను ఒక సంచిలో భద్రపరుపవలెను. చెమటోడ్చి పండించిన పంటకు కావలి కాయుదుము. దాని వెలకును అట్లే కావలి కాయుదము.