గాలిలో గొడవలు: ప్రయాణికులు, క్యాబిన్ సిబ్బంది

విమానంలో ప్రయాణికులకూ క్యాబిన్ సిబ్బందికీ మధ్య వచ్చే తగవుల్లో చాలా వాటికి మూలం ఒకటే. ఎయిర్‌హోస్టెస్ అంటే మంచినీళ్లు, టిఫిన్ అందించే మనిషి అని ప్రయాణికుడు అనుకుంటాడు. నిబంధనల దృష్టిలో ఆమె ముందు భద్రత చూసే ఉద్యోగి, ఆ తర్వాతే వడ్డించే మనిషి. 1930 మేలో అమెరికాలో తొలి ఎయిర్‌హోస్టెస్‌గా విమానమెక్కిన ఎలెన్ చర్చ్ వృత్తిరీత్యా నర్సు. మన దేశంలో ప్రతి 50 సీట్లకు కనీసం ఒక క్యాబిన్ ఉద్యోగి ఉండాలన్న నిబంధన కూడా టీ, కాఫీల లెక్క చూసి పెట్టింది కాదు. ప్రమాదం జరిగినప్పుడు సగం తలుపులు తెరుచుకోకపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్నది పెద్ద ప్రయాణికుల విమానాలకు పెట్టే పరీక్ష. 180 సీట్ల ఎయిర్‌బస్ ఎ320లో ఆ పని చూడాల్సింది మామూలుగా నలుగురే.

ఈ సంగతి తెలియకపోతే వాళ్లు చెప్పే ప్రతి మాటా పెత్తనంలాగే కనిపిస్తుంది. దిగేముందు కిటికీ రెక్క పైకి ఎత్తమంటారు. బయట మంటో పొగో ఉంటే ముందే కనబడాలి, కళ్లు బయటి వెలుతురుకు అలవాటుపడి ఉండాలి. ముందున్న బల్ల మడవమనడం, సీటు నిటారుగా పెట్టమనడం ఎందుకంటే, కిటికీ పక్కన కూర్చున్న మనిషి లేచి పరుగెత్తాల్సి వస్తే దారి ఉండాలి. మరుగుదొడ్లో సిగరెట్ వెలిగిస్తే సిబ్బంది అంత కంగారుపడటానికీ కారణముంది. 1973 జులైలో పారిస్ దగ్గర బ్రెజిల్‌కు చెందిన వారిగ్ విమానం మరుగుదొడ్డి చెత్తబుట్టలో పుట్టిన మంట వల్ల పొగతో నిండిపోయి, 123 మంది చనిపోయారు. ఎవరో ఆర్పకుండా పడేసిన సిగరెట్టే దానికి కారణమై ఉంటుందని దర్యాప్తులో భావించారు.

గొడవకు దారితీసే సందర్భాలు ఎక్కడైనా ఇంచుమించు ఇవే: మద్యం, ఆలస్యం, సీటు, పైన సంచి పెట్టే చోటు, తిండి. దేశీయ విమానాల్లో మన దగ్గర మద్యం పోయరు. కానీ తాగి ఎక్కేవాళ్లు ఉంటారు, అంతర్జాతీయ విమానాల్లో అడిగి మరీ పోయించుకునేవాళ్లూ ఉంటారు. విమానం గాలిలో ఉన్నప్పుడు లోపలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, గాలి కూడా బాగా పొడిగా ఉంటుంది. అలసట, నిద్రలేమి, దాహం దానికి తోడైతే నేల మీద సర్దుకుపోయే మనిషి కూడా పైన కస్సుమంటాడు. ఆర్టీసీ బస్సులో గొడవ ముదిరితే కండక్టర్ బండి ఆపించి మనిషిని దించేయగలడు. 35,000 అడుగుల ఎత్తున ఆ వీలు లేదు, అందుకే చిన్న గొడవను కూడా చిన్నదిగా చూడరు.

వీటన్నిటిలో ఆలస్యం సంగతి వేరు. దానికి క్యాబిన్ సిబ్బంది దాదాపు ఎప్పుడూ కారణం కాదు, తిట్లు మాత్రం వాళ్లకే పడతాయి. 2024 జనవరి 14న పొగమంచుతో గంటల తరబడి ఆగిపోయిన ఢిల్లీ–గోవా ఇండిగో విమానంలో, ఇంకా ఆలస్యమవుతుందని ప్రకటిస్తున్న పైలట్ మీద ఒక ప్రయాణికుడు చేయి చేసుకున్నాడు. పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ రోజుకు ఇన్ని గంటలే పని అన్న పరిమితి ఉంది. విమానం నేల మీద ఆగి ఉన్నా ఆ గడియారం ఆగదు. గంటలు నిండితే కొత్త జట్టు రావాలి, దాంతో ఆలస్యం మీద ఆలస్యం.

తెలుగువాళ్లకు ఈ గొడవల విషయం పత్రికల మొదటి పేజీలో కనిపించింది 2017లో. ఆ ఏడాది మార్చి 23న శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ పుణె నుంచి ఢిల్లీ చేరిన ఎయిర్ ఇండియా విమానంలో ఆ సంస్థ ఉద్యోగిని చెప్పుతో కొట్టారు. కొట్టానని టీవీ కెమెరాల ముందు తానే చెప్పుకున్నారు. విమాన సంస్థలు ఆయన్ని ఎక్కించుకోబోమని ప్రకటించి, విమానయాన మంత్రికి ఆయన విచారం తెలుపుతూ లేఖ రాశాక ఏప్రిల్ 7న నిషేధం ఎత్తేశాయి. మూడు నెలలు తిరగకముందే, జూన్ 15న, విశాఖపట్నం విమానాశ్రయంలో అనంతపురం టీడీపీ ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి ఉదయం హైదరాబాద్ విమానానికి వచ్చారు. బయల్దేరడానికి 45 నిమిషాల ముందే చెక్-ఇన్ మూసేస్తారు. ఆయన 28 నిమిషాల ముందు వచ్చారని ఇండిగో చెప్పింది. బోర్డింగ్ పాస్ ఇవ్వడం కుదరదనడంతో కౌంటర్లో ఉన్న ప్రింటర్‌ను ఆయన కింద పడేయడం సీసీ కెమెరా దృశ్యాల్లో దేశమంతా చూసింది. విచిత్రమేమిటంటే, ఆ ఉదయం ఆయన అదే విమానంలో హైదరాబాద్ వెళ్లారు. ఆ తర్వాతే ప్రధాన విమాన సంస్థలన్నీ ఒకదాని వెంట ఒకటి ఆయనపై నిషేధం పెట్టాయి, కొన్ని వారాలకు తీసేశాయి.

అప్పటి పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. దివాకర్ రెడ్డిదీ ఆయనదీ ఒకే పార్టీ. ఎంపీ విమానమెక్కడానికి మంత్రే సాయపడ్డారన్న ఆరోపణ వచ్చింది, ఆయన దాన్ని ఖండించారు. అనుచిత ప్రవర్తనకు దేశవ్యాప్త నిషేధం తెచ్చే ముసాయిదా అప్పటికే ఆయన శాఖ దగ్గర ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 8న అది తుది నిబంధనగా వెలువడింది. నో ఫ్లై లిస్ట్ అని అందరూ పిలిచేది దాన్నే.

ఈ నిబంధన తప్పును మూడు స్థాయిలుగా విడదీసింది. మాటలతో, సైగలతో వేధించడం, తాగి అల్లరి చేయడం మొదటి స్థాయి. దీనికి మూడు నెలల వరకు నిషేధం. తోయడం, కొట్టడం, తన్నడం, అసభ్యంగా తాకడం రెండో స్థాయి, ఆరు నెలల వరకు. ప్రాణాపాయం తెచ్చే దాడి, విమానం వ్యవస్థలను దెబ్బతీయడం, పైలట్ గదిలోకి చొరబడబోవడం మూడో స్థాయి. దీనికి కనీసం రెండేళ్లు, పైకి హద్దు లేదు. 2023 ఏప్రిల్ 10న ఢిల్లీ నుంచి లండన్ బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం వెనక్కి రావాల్సి వచ్చింది, ఎందుకంటే ఒక ప్రయాణికుడు ఇద్దరు సిబ్బందిని గాయపరిచాడు. అతనికి రెండేళ్ల నిషేధం పడింది. రెండోసారి తప్పు చేసినవారికి శిక్ష రెట్టింపు అవుతుంది.

నిషేధం ఎయిర్‌హోస్టెస్ కోపాన్ని బట్టి పడదు. ముందు కెప్టెన్ ఫిర్యాదు చేయాలి. దాన్ని విమాన సంస్థ ఒక కమిటీకి పంపాలి. ఆ కమిటీకి రిటైర్డ్ జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షుడు. వేరే విమాన సంస్థ నుంచి ఒకరు, ప్రయాణికుల లేదా వినియోగదారుల తరఫున ఒకరు సభ్యులు. 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ప్రయాణికుడు మళ్లీ విమానమెక్కవచ్చు. నిషేధం పడ్డవారు 60 రోజుల్లో పైకమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. పోలీసు కేసు దీనికి వేరు. గాలిలో గొడవ జరిగితే కెప్టెన్ ముందే కబురు పంపుతాడు, దిగగానే విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లు మనిషిని తీసుకెళ్లి పోలీసులకు అప్పగిస్తారు.

పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్కల ప్రకారం ఈ జాబితాలోకి 2020లో 10 మంది, 2021లో 66, 2022లో 63, 2023లో 110, 2024లో 82 మంది చేరారు. ఏటా కోట్ల మంది ఎక్కి దిగే దేశంలో ఇది పెద్ద సంఖ్య కాదు. ఒక వింత కూడా ఉంది. ఈ నిబంధన విమానం లోపల జరిగేదానికే వర్తిస్తుంది. విమానాశ్రయంలో జరిగేది మామూలు శిక్షాస్మృతి కింద భద్రతా సంస్థలు చూసుకుంటాయి. అంటే దేశమంతా చూసిన ఆ ప్రింటర్ గొడవ ఇవాళ జరిగినా ఈ జాబితా దాకా రాదు!

తప్పు ఎవరిదో ప్రతిసారీ అంత తేలిగ్గా తేలదు. 2023 జనవరి 23న ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు రావాల్సిన స్పైస్‌జెట్ విమానంలో ఒక ప్రయాణికుడు అసభ్యంగా తాకాడని క్యాబిన్ ఉద్యోగిని ఫిర్యాదు చేసింది. ఇరుకు నడవాలో పొరపాటున తగిలిందని తోటి ప్రయాణికులు కొందరు అన్నారు. అతను క్షమాపణ రాసిచ్చినా, మళ్లీ గొడవ రేగకూడదని అతన్నీ వెంట ఉన్న మరొకరినీ దించేశారు, తర్వాత పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఇలాంటి తాకుళ్లు కొత్త కాదు గనక సిబ్బంది మాట మొదట వినడం సబబే. అయితే వినడం వేరు, విచారించకుండా తీర్పు చెప్పడం వేరు. కమిటీ ఉన్నది ఆ తేడా కోసమే.

సిబ్బందీ సంస్థలూ తప్పు చేసిన సందర్భాలూ తక్కువేమీ కాదు. 2022 నవంబర్ 26న న్యూయార్క్–ఢిల్లీ ఎయిర్ ఇండియా విమానంలో తాగిన ప్రయాణికుడొకడు ఒక వృద్ధురాలి మీద మూత్రం పోశాడు. ఈ సంగతి జనవరి దాకా బయటికి రాలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది, కెప్టెన్ లైసెన్సును మూడు నెలలు ఆపేసింది. 2022లోనే మే 7న రాంచీలో హైదరాబాద్ వచ్చే ఇండిగో విమానం ఎక్కబోతున్న ఒక దివ్యాంగ బాలుడు బెదిరిపోయి ఉన్నాడని, అతని వల్ల ఇతరులకు ముప్పని చెప్పి సంస్థ ఉద్యోగులు ఎక్కించుకోలేదు. తల్లిదండ్రులూ ప్రయాణం మానుకున్నారు. డీజీసీఏ విచారించి 5 లక్షల జరిమానా విధించింది. ఉద్యోగులు కాస్త దయగా నడుచుకుని ఉంటే పిల్లవాడు కుదుటపడేవాడన్నది దాని అభిప్రాయం. ఆ తర్వాత నిబంధన మారింది: ఇలాంటి కారణంతో ఎవరినైనా ఆపాలంటే ముందు విమానాశ్రయ డాక్టర్ చూడాలి.

తెలుగు ప్రయాణికులకు సూటిగా తగిలే గొడవ మాత్రం భాషది. 2022 సెప్టెంబర్ 16న విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండిగో విమానంలో 2ఎ సీట్లో ఒక మహిళ కూర్చున్నారు. అది అత్యవసర ద్వారం ఉన్న వరుస. ఆమెకు తెలుగు తప్ప ఇంగ్లిష్, హిందీ రావు. సిబ్బంది ఆమెను 3సి సీట్లోకి మార్చారు, భద్రత కోసమే అన్నారు. తోటి ప్రయాణికురాలైన ఒక ప్రొఫెసర్ ఈ సంగతి ట్విట్టర్‌లో పెట్టారు. అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ స్పందించి, స్థానిక భాషలు మాట్లాడేవారిని ఆయా రూట్లలో ఎక్కువగా పెట్టుకోవాలని ఇండిగోను కోరారు.

ఆ వరుసలో కూర్చునేవారు సిబ్బంది ఆదేశాలు అర్థం చేసుకోగలగాలన్నది నిజమైన నిబంధనే. అవసరమైతే తలుపు తీయాల్సింది వాళ్లే. అర్థం కావాలన్నది ప్రయాణికురాలి మీద మాత్రమే పెట్టిన బాధ్యత కాదు, చెప్పేవారికి ఆమె భాష వచ్చినా ఆ నిబంధన నెరవేరినట్టే. రెండు చివర్లా తెలుగు ఊళ్లే ఉన్న గంట ప్రయాణంలో తెలుగు రాని జట్టును పెట్టడం భద్రత కోణం నుంచి చూసినా లోపమే. సీటు మారిన ఒక్కరి సంగతి అటుంచి, అర్థం కాని భాషలో ఆక్సిజన్ మాస్కు గురించి విన్న మిగతావారి సంగతేమిటి?

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ లాంటి చోటి నుంచి చూస్తే ఈ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. గోదావరి ఒడ్డున కాళేశ్వరం ఉన్న ఈ మండలం 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. గల్ఫ్ వలసకు పేరుపడిన జిల్లా అది. అక్కడి నుంచి దుబాయ్ వెళ్లే కూలీ రాత్రంతా బస్సులో కూర్చుని శంషాబాద్ చేరతాడు. జీవితంలో మొదటి విమానం అదే అయి ఉంటుంది. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియదు, తన సంచి పైన ఎందుకు పట్టదో తెలియదు, ఎయిర్‌హోస్టెస్ రెండోసారి ఇంగ్లిష్‌లో గట్టిగా చెబితే తిట్టిందనుకుంటాడు. అతను మారు మాట్లాడకపోతే ఆమె మొండితనమనుకుంటుంది. ఇందులో నేరస్థులెవరూ లేరు.

సిబ్బంది మీద ఫిర్యాదు ఉన్న ప్రయాణికుడు విమానంలో వాదన పెంచుకోకుండా, సీటు నంబరు, విమానం నంబరు, సమయం రాసి పెట్టుకుని దిగాక ఇవ్వడం మేలు. ముందు విమాన సంస్థకు రాయాలి, జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌సేవ పోర్టల్‌లో పెట్టవచ్చు. దేశీయ ప్రయాణంలో ఆలస్యం ఆరు గంటలు దాటుతుందని సంస్థ చెబితే వేరే విమానమో, టికెట్ డబ్బు పూర్తిగా వాపసో అడిగే హక్కు ఉంది. ఈ మాట చాలామందికి తెలియదు, కౌంటర్లో ఎవరూ తమంతట తాము చెప్పరు.

వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి విమానాలు మొదలయ్యేనాటికి, ఆ రూట్లలో జట్టుకు ఒక్కరైనా తెలుగు వచ్చినవారు ఉండాలన్న షరతును ప్రభుత్వాలు రాతపూర్వకంగా పెట్టించాలి.