దొంగ డీవీఆర్‌తో సహా వెళ్లిపోతే?

కర్ణాటకలోని దావణగెరె జిల్లా న్యామతిలో 2024 అక్టోబరు చివర్లో స్టేట్ బ్యాంకు శాఖను దోచిన ముఠా పని చాలా పద్ధతిగా చేసింది. కిటికీ గుండా లోపలికి దూరారు. గ్యాస్ కట్టర్‌తో లాకరు కోశారు. జనం తాకట్టు పెట్టుకున్న 17.7 కిలోల బంగారం మూట కట్టారు. పోలీసు జాగిలాలకు వాసన దొరక్కుండా కారంపొడి చల్లారు. పోతూ పోతూ సీసీ కెమెరాల బొమ్మను నిల్వచేసే డీవీఆర్ పెట్టెనూ పట్టుకుపోయారు. తర్వాతి నెలలోనే వరంగల్ జిల్లా రాయపర్తి స్టేట్ బ్యాంకులో సుమారు 19 కిలోల బంగారం పోయింది. అక్కడి దొంగలూ రికార్డరును వదల్లేదు. న్యామతి కేసు తేలేసరికి ఐదు నెలలు పట్టింది. 2025 మార్చి చివరికి ఆ బంగారంలో చాలాభాగం తమిళనాడులోని ఉసిలంపట్టి దగ్గర ఒక బావిలోంచి బయటికొచ్చింది.

బ్యాంకుల గతే ఇలా ఉంటే చిక్కబళ్లాపురం జిల్లా చింతామణిలో టీవీ బల్ల కింద, బాగేపల్లిలో కొట్టు గల్లాపెట్టె పక్కన, చిక్కబళ్లాపురం కొత్త లేఅవుట్లలో బీరువా మీద పెట్టిన డీవీఆర్ మాటేమిటి? ఈ ప్రశ్నకు జవాబు రాయమని సంపాదకులు అప్పజెప్పిన పని ఇది. ఫుటేజీని ఇంటర్నెట్‌లో దాచుకోవడానికి ఏ కంపెనీ క్లౌడ్ మంచిదో తేల్చేస్తే సరిపోతుందనుకుంటూ మొదలైన వెతుకులాట చివరికి క్లౌడ్ దగ్గర కాక ఒక ప్రభుత్వ ఫారం దగ్గర ఆగింది.

ముందు ఒక భ్రమ సంగతి. ‘ఫోన్లో కనిపిస్తా ఉంది కదా, ఇంకేం కావాలి?’ అని చాలామంది ధీమాగా ఉంటారు. ఫోన్లో కనిపించే బొమ్మ ఫోన్లో దాచుకున్నది కాదు. యాప్ ఇంట్లో ఉన్న డీవీఆర్‌ను అడిగి తెచ్చి చూపిస్తుంది, అంతే. దొంగ డీవీఆర్ ఎత్తుకుపోయినా, మెయిన్ ఆపేసినా ఆ క్షణం నుంచి యాప్‌లో మిగిలేది ‘ఆఫ్‌లైన్’ అన్న ఒక్క మాటే. పెట్టె ఎత్తుకుపోతే నిన్నటి ఫుటేజీ, మొన్నటిది, దొంగ లోపలికి వచ్చిన నిమిషంతో సహా అతని సంచిలో ఉంటుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఇక ఆ ఫారం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌కు చివర్లో ఒక షెడ్యూలు ఉంది. సెక్షన్ 63 కింద కోర్టుకు ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చేటప్పుడు జతచేయాల్సిన ధ్రువపత్రం నమూనా అందులో ఉంటుంది. భాగం ‘ఏ’ సాక్ష్యం ఇచ్చేవాళ్లు నింపాలి, భాగం ‘బీ’ నిపుణుడు నింపాలి. పేరు, తండ్రి లేదా తల్లి లేదా భర్త లేదా భార్య పేరు, నివాసం రాశాక, ఈ రికార్డు దేనిలోంచి తీశారో టిక్కు పెట్టమంటుంది. గడులు వరుసగా ఇవి: కంప్యూటర్ లేదా స్టోరేజీ మీడియా, డీవీఆర్, మొబైల్, ఫ్లాష్ డ్రైవ్, సీడీ లేదా డీవీడీ, సర్వర్, క్లౌడ్, ఇతరం. డీవీఆర్‌కూ క్లౌడ్‌కూ ఒకే వరుసలో సమానంగా చోటిచ్చిన చట్టం ఇది. డీవీఆర్ పోయినవాళ్లు అదే కాగితంలో నాలుగైదు గడులు దాటి ‘క్లౌడ్’ దగ్గర టిక్కు పెట్టుకోవచ్చు, అక్కడ ఏదైనా దాచి ఉంటే.

తర్వాతి గీతలు ఇంకా ఆసక్తికరం. తయారీ, మోడల్, సీరియల్ నంబరు, వర్తిస్తే మ్యాక్ నంబరు లేదా క్లౌడ్ ఐడీ అడుగుతుంది. పరికరం రంగు కూడా! పోయిన డీవీఆర్ రంగు గుర్తుండొచ్చు గానీ దాని సీరియల్ నంబరు ఎవరికి నోటికొస్తుంది? ఆ నంబరుండే స్టిక్కరు పెట్టె అడుగునో వెనకో ఉంటుంది, పెట్టె దొంగ దగ్గర ఉంటుంది. పోలీసులు ఎప్పుడో ఆ పెట్టెను పట్టుకున్నా అది మీదేనని చెప్పేది ఆ నంబరే.

ఆ పరికరం మీ సొంతమా, మీరు బాగోగులు చూసేదా, నిర్వహించేదా, నడిపేదా అని నాలుగు గడులు కూడా ఉన్నాయి. ఈ జిల్లాకు ఇవి అతికినట్టు సరిపోతాయి. చింతామణిలో అమ్మానాన్నలు ఉంటారు, కెమెరాలు కొని బిగించింది బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు, క్లౌడ్ ఖాతా ఉన్నది కోడలి మెయిల్ మీద. సంతకం ఎవరిది? సొంతదారే కానక్కరలేదని ఆ నాలుగు గడులు చెబుతున్నాయి. ఖాతాను నడిపేవాళ్లు పెట్టొచ్చు. ఎవరు నడుపుతున్నారో ఇంట్లో ముందే తేల్చుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైన గీత హ్యాష్ విలువ. ఫైలును ఒక లెక్కలోంచి నడిపిస్తే వచ్చే వేలిముద్ర అది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాలు, అంకెల వరుస వస్తుంది. వీడియోలో ఒక్క బిట్ మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో దాన్ని ఎవరైనా తీయవచ్చు. మనవాళ్లు దొంగతనం జరిగిన పొద్దున మొదట చేసే పని క్లిప్పును వాట్సాప్ గ్రూపులో పెట్టడం. మామూలుగా పంపిన వీడియోను వాట్సాప్ కుదించేస్తుంది, కాబట్టి అటువైపు చేరేది వేరే ఫైలు, దాని హ్యాష్ వేరు. ఊరంతా చూడటానికి అది చాలు. స్టేషన్‌కు మాత్రం క్లౌడ్‌లోంచి నేరుగా దించిన అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. స్క్రీను ముందు ఫోను పెట్టి తీసిన వీడియో అంతకంటే అధ్వానం.

ఫారం చివర తేదీతో పాటు భారత కాలమానం ప్రకారం 24 గంటల లెక్కలో సమయం కూడా రాయాలి. కరెంటు పోయి వచ్చాక గడియారం తప్పే డీవీఆర్‌లు ఎన్నో ఉన్నాయి. దొంగతనం రాత్రి రెండింటికి జరిగి, ఫుటేజీ మధ్యాహ్నమని చూపిస్తే ఆ తేడాను కోర్టులో వివరించాల్సి వస్తుంది. మెనూలో ఎన్‌టీపీ అనే సెట్టింగు ఆన్ చేస్తే ఇంటర్నెట్ నుంచి గడియారం తనే సరిచేసుకుంటుంది.

ఇదే చట్టంలో సెక్షన్ 57కు ఉన్న ఆరో వివరణ ఈ కథనానికి దొరికిన అసలు ముడిసరుకు. వీడియో ఒకవైపు నిల్వ అవుతూనే మరోచోటికి ప్రసారమైతే, అలా నిల్వ అయిన ప్రతి రికార్డింగూ ప్రాథమిక సాక్ష్యమే అంటుంది. ఇంట్లో డీవీఆర్‌లో పడుతూనే బయటికి వెళ్లి దాచుకున్న కాపీని చట్టం రెండో రకంగా చూడదన్నమాట. అయినా ధ్రువపత్రం జత చేయడమే క్షేమం.

ఇక్కడిదాకా ఎలా వచ్చామంటే: 1872 నాటి సాక్ష్య చట్టంలో 2000లో ఐటీ చట్టంతో పాటు ఈ ధ్రువపత్రాన్ని కోరే 65బీ సెక్షన్ చేరింది. 2014లో అన్వర్ కేసులో ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు కేసులో అదే మాట గట్టిగా చెప్పి, అసలు పరికరాన్నే సొంతదారు కోర్టుకు తెస్తే మినహాయింపు అంది. డీవీఆర్ పోయినవాళ్లకు ఆ మినహాయింపు దక్కదు. ఇక ఫుటేజీ ఎన్నాళ్లు దాచాలంటారా? ఆ ఏడాది డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు పోలీస్ స్టేషన్ల ఫుటేజీని 18 నెలలు దాచాలని ఆదేశించింది. కర్ణాటక 2017 ప్రజాభద్రత చట్టం జనం పెద్దసంఖ్యలో వచ్చే సంస్థలు 30 రోజులు దాచాలంది. ఇళ్లకు ఏ గడువూ లేదు.

లెక్క చూస్తే: అన్నీ పంపక్కర్లేదు

క్లౌడ్ అమ్మేవాళ్ల మాట నమ్మి నాలుగు కెమెరాల బొమ్మంతా పైకి పంపాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్క్ పదకొండు రోజులకే నిండి పాతది చెరిగిపోతుంది. అదంతా బయటికి పంపితే నెలకు దాదాపు 2,600 జీబీ. చాలా ఫైబర్ ప్లాన్లలో పూర్తి వేగం నెలకు 3,300 జీబీ వరకే. అందులో ఎక్కువ భాగం కెమెరాలే తినేస్తాయి.

గేటు కెమెరా, హాలు కెమెరా రెండింటికీ కదలిక కనిపించినప్పుడే క్లిప్పు పంపమని చెప్పండి. రోజుకు మొత్తం పది నిమిషాల క్లిప్పులైతే 150 ఎంబీ, నెలకు 4.5 జీబీ. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీలో మూడు నెలలది సరిపోతుంది.

దారులు మూడు. చాలా డీవీఆర్‌ల మెనూలో ఎఫ్‌టీపీ (ఫైళ్లను మరో కంప్యూటర్‌కు పంపే పద్ధతి) లేదా క్లౌడ్ నిల్వ ఉంటుంది. అదీ లేకపోతే కదలిక కనిపించగానే ఫొటో మెయిల్ చేసే సదుపాయం ఉంటుంది. అన్నదమ్ముల ఇంట్లో ఒక చిన్న నిల్వపెట్టె పెట్టి అక్కడికి పంపుకోవడం మూడోది. దేన్ని ఎంచుకున్నా రౌటర్‌కూ డీవీఆర్‌కూ కెమెరాలకూ చిన్న యూపీఎస్ ఉండాలి. అది లేకుంటే, ఫ్యూజు పీకితే క్లిప్పు కదలదు.

బయటికి పంపితే బయటివాళ్లు చూడరా?

ఈ అనుమానం న్యాయమైనదే. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు బయటికి పొక్కి దేశమంతా గగ్గోలైంది. కేంద్రం 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. బిగించినవాళ్లు పెట్టిపోయిన పాస్‌వర్డ్‌ను అదే రోజు మార్చాలి. పడకగది కెమెరాను క్లౌడ్‌కు కలపకూడదు. అసలు పడకగదిలో కెమెరాయే వద్దు.

సరిహద్దు దాటితే

బాగేపల్లి దాటితే 44వ నంబరు జాతీయ రహదారి మీద కొద్దిసేపట్లో ఆంధ్ర, కొడికొండ చెక్‌పోస్టు. దొంగతనం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో ఊరెళ్లేవాళ్లు యాప్‌లో చెబితే పోలీసులే ఇంట్లో కెమెరా పెడతారు, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు కబురు వెళ్తుంది. బొమ్మ ఇంట్లో ఉండిపోకూడదన్న సూత్రమే అక్కడా.

ఇన్ని కాగితాలు చూశాక తేలింది ఒకటే. నెలనెలా డబ్బు కట్టే పెద్ద క్లౌడ్ పథకం చాలా ఇళ్లకు అక్కరలేదు. గేటు దగ్గరి పది నిమిషాలు బయట ఉంటే, ఫారంలోని గీతలకు జవాబులు ఇంట్లో ఎవరికో ఒకరికి తెలిస్తే చాలు. ఈ ఆదివారం భోజనాలయ్యాక డీవీఆర్‌ను తిరగేసి సీరియల్ నంబరు స్టిక్కరు ఫొటో తీయండి, బెంగళూరులో ఉన్న పిల్లలకు పంపండి. గేటు కెమెరా క్లిప్పులు బయటికి వెళ్లేలా సెట్ చేయించండి. మర్నాడు డీవీఆర్ వైరు పీకేసి, ఆ పొద్దుటి క్లిప్పు ఫోన్లో ఇంకా తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకోకపోతే, వచ్చే జాతరకు ఇల్లు తాళం వేసేలోపే కెమెరాలు బిగించినవాళ్లను పిలిపించండి.